పొగ లెక్కల్లో మోసం చేశారంటున్నారు, మరి మా బండి సంగతేంటి?

తర్వాత చదివేవాళ్ళకు తెలియాలి కాబట్టి ప్రశ్నను కుదించి ముందు పెడుతున్నాను. గుంటూరు నుంచి ఒక మిత్రుడు అడిగారు: "మాది 2021 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. ఈ కంపెనీ పొల్యూషన్ పరీక్షల్లో ఏదో తిరకాసు చేసిందని అనుమానాలు వస్తున్నాయి. మా ఓనర్ల వాట్సాప్ గ్రూపులో మూడు రకాల మాటలు నడుస్తున్నాయి. మైలేజ్ బాగుంది, మనకెందుకు అని కొందరు. అమెరికాలో లక్షలు ఇచ్చారు, మనమూ కేసు వేద్దామని కొందరు. సర్వీస్ సెంటర్‌వాళ్ళు అప్‌డేట్ అంటే ఒప్పుకోవద్దు, బండి చచ్చిపోతుందని ఇంకొందరు. నాకు టెన్షన్‌గా ఉంది. అమ్మేయనా? అప్‌డేట్ చేయించనా? అసలు నేనేం చేయాలి?"

ముందు సూటిగా చెప్తాను. ఇప్పుడే అమ్మకండి. అప్‌డేట్ వస్తే చేయించుకోండి, కానీ చేతిలో కాగితం లేకుండా చేయించకండి. కేసు సంగతి ఆ కాగితాలు చేరాకే ఆలోచిద్దాం. ఎందుకో కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నా గురించి రెండు ముక్కలు. పదకొండేళ్ళు పుణె వైపు ఒక ఎమిషన్ ల్యాబ్‌లో పనిచేశాను. ఆ తర్వాత నుంచి విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ బండ్ల స్కానింగ్, ఇంజెక్టర్లు, ఈజీఆర్ (కాలుష్యం తగ్గించే ఒక వాల్వు) పని చేసే చిన్న షెడ్డు నడుపుతున్నాను. అంటే పరీక్ష ఎలా జరుగుతుందో చూశాను, పరీక్ష పాసైన బండి పదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో కూడా రోజూ చూస్తున్నాను.

బండికి పరీక్ష జరుగుతోందని ఎలా తెలుస్తుంది? మీ గ్రూపులో ఎవరూ దీని గురించి మాట్లాడుతున్నట్టు లేదు. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

ల్యాబ్‌లో ఒక బండిని పరీక్షించాలంటే ముందురోజు సాయంత్రమే తెచ్చి, ఇరవై నుంచి ముప్ఫై డిగ్రీల మధ్య ఉండే గదిలో రాత్రంతా ఉంచేవాళ్ళం. ఇంజన్ ఆయిల్ కూడా ఆ వేడికే వచ్చి ఉండాలి. పొద్దున్నే స్టార్ట్ చేయకుండా నలుగురం కలిసి తోసుకుంటూ రోలర్ల మీదికి ఎక్కించేవాళ్ళం. స్టార్ట్ చేస్తే పరీక్ష చెడిపోయినట్టే, ఎందుకంటే చల్లటి ఇంజన్ మొదటి నిమిషంలో వదిలే పొగ కూడా లెక్కలోకి రావాలి. ముందు చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయి, వెనక చక్రాలను బెల్టులతో కట్టేస్తాం. ఎదురుగా పెద్ద ఫ్యాన్. డ్రైవర్ ముందు తెర, దాని మీద ఒక గీత. ఆ గీత ఎంత స్పీడు చూపిస్తే అంతే స్పీడులో నడపాలి. మన దేశపు పరీక్షలో ఆ రోజుల్లో అది 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. సైలెన్సర్ నుంచి వచ్చిన గ్యాసును గాలితో కలిపి పెద్ద సంచుల్లో పట్టి కొలుస్తాం.

ఇప్పుడు బండి వైపు నుంచి చూడండి. ముందు చక్రాలు 90లో తిరుగుతున్నాయి, వెనక చక్రాలు కదలడం లేదు. ఇరవై నిమిషాలుగా స్టీరింగ్ ఒక్క డిగ్రీ కూడా తిరగలేదు. గది వేడి ఇరవై అయిదు. స్పీడు పెరిగే తీరు, తగ్గే తీరు పుస్తకంలో అచ్చు వేసినట్టు ఉంది. ఇంత నిక్కచ్చిగా ఏ మనిషీ రోడ్డు మీద నడపడు. బండిలోని కంప్యూటర్, అంటే ఈసీయూ, దీన్ని గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గుర్తుపట్టడమే నేరం కాదు. రెండు చక్రాలే తిరుగుతుంటే ఏబీఎస్, ఈఎస్‌పీ లాంటి బండి జారకుండా చూసే ఏర్పాట్లు గాభరాపడి బ్రేకులు వేయకుండా ఉండాలంటే రోలర్ల మీద ఉన్నానని బండికి తెలియాలి కూడా. గుర్తుపట్టాక పొగను శుభ్రం చేసే పద్ధతిని మార్చేస్తే అది మోసం. పరీక్ష గదిలో ఒక ఇంజన్, రోడ్డు మీద వేరే ఇంజన్ అన్నమాట.

ఎందుకు మారుస్తారు? డీజిల్ ఇంజన్‌లో మంట వేడి ఎక్కువైతే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. నాక్స్ అంటాం. దాన్ని తగ్గించడానికి ఈజీఆర్ వాల్వు కాస్త పొగను మళ్ళీ ఇంజన్‌లోకే పంపి మంటను చల్లబరుస్తుంది. నాక్స్ తగ్గుతుంది, కానీ మసి పెరుగుతుంది. మసి పెరిగితే దాన్ని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టర్ తొందరగా నిండుతుంది. నిండితే దాన్ని కాల్చడానికి అదనంగా డీజిల్ పోయాలి. నాక్స్ తగ్గించడానికి యూరియా ద్రావణం వాడే బండైతే ఆ ట్యాంకు తొందరగా ఖాళీ అవుతుంది. ఇవన్నీ నిజాయితీగా చేస్తే మైలేజ్ కొంత పోతుంది, పికప్ కొంత పోతుంది, వారంటీ ఖర్చు పెరుగుతుంది. చేయకపోతే బండి హుషారుగా పోతుంది, ఓనరు సంతోషంగా ఉంటాడు. మీ గ్రూపులో మైలేజ్ బాగుందని అంటున్నవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలని నా కోరిక.

ఇక జర్మనీ కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ కథ. మీవాళ్ళు అమెరికాలో లక్షలు ఇచ్చారంటున్నది దీని గురించే. సగం విని మాట్లాడుతున్నారు కాబట్టి ఓనర్ల వైపు నుంచి పూర్తిగా చెప్తాను.

దీన్ని బయటపెట్టినవాళ్ళు ఓనర్లు కారు, ప్రభుత్వమూ కాదు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో డాన్ కార్డర్ ఆధ్వర్యంలో ఒక చిన్న బృందం. అందులో మనవాళ్ళు అరవింద్ తిరువేంగడం, హేమంత్ కప్పన్న కూడా ఉన్నారు. ఐసీసీటీ అనే, వాహన కాలుష్యం మీద పరిశోధన చేయించే సంస్థ వాళ్ళకు ఇచ్చిన పని ఇంకొకటి: అమెరికాలో డీజిల్ కార్లు శుభ్రంగా నడుస్తున్నాయని చూపిస్తే, యూరప్‌కు ఇదిగో ఇలా చేయవచ్చని చెప్పాలని. వాళ్ళు గ్యాసు కొలిచే పరికరాలను డిక్కీలో పెట్టుకుని, వాటికి కరెంటు కోసం చిన్న జనరేటర్ తగిలించుకుని కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగారు. లాస్ ఏంజెలెస్ నుంచి సియాటిల్ దాకా కూడా వెళ్ళారు. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో జెట్టా నాక్స్ పరిమితికి 15 నుంచి 35 రెట్లు, పసాట్ 5 నుంచి 20 రెట్లు వదిలాయి. మొదట పరికరాలే పాడయ్యాయేమో అనుకున్నారు. అదే పరికరాలతో కొలిచిన బీఎండబ్ల్యూ మాత్రం చాలావరకు పరిమితిలోనే ఉంది. 2014 మేలో ఆ ఫలితాలు బయట పెట్టారు.

తర్వాత జరిగింది ఓనర్లు గుర్తుపెట్టుకోవాల్సిన ఘట్టం. 2014 డిసెంబర్‌లో కంపెనీ అమెరికాలో దాదాపు 5 లక్షల బండ్లకు సాఫ్ట్‌వేర్ రీకాల్ చేసింది. ఓనర్లు నమ్మి వెళ్ళి చేయించుకున్నారు. కాలిఫోర్నియా కాలుష్య మండలి ఆ అప్‌డేట్ అయిన బండినే మళ్ళీ పరీక్షించింది, లోపం అలాగే ఉంది. 2016 మోడళ్ళకు అనుమతి ఇవ్వమని గట్టిగా చెప్పాకే, 2015 సెప్టెంబర్ మొదట్లో కంపెనీ ఒప్పుకుంది. సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ బహిరంగంగా నోటీసు ఇచ్చింది. ఆ నోటీసులో స్టీరింగ్ స్థానం, వేగం, ఇంజన్ నడిచిన సమయం, గాలి ఒత్తిడి చూసి సాఫ్ట్‌వేర్ పరీక్షను గుర్తుపడుతోందని స్పష్టంగా రాశారు. నాక్స్ పరిమితికి 40 రెట్ల దాకా పోతోందన్నారు. ప్రపంచం మొత్తం మీద అలాంటి బండ్లు కోటీ పది లక్షలు. అయిదు రోజుల్లో సీఈఓ మార్టిన్ వింటర్‌కోర్న్ రాజీనామా చేశారు.

అక్కడి ఓనర్ల బాధ ఎలాంటిదో ఆలోచించండి. వాళ్ళలో చాలామంది 'క్లీన్ డీజిల్' ప్రకటన చూసి, పర్యావరణానికి మంచిది, మైలేజూ వస్తుందని పెట్రోలు బండి కంటే ఎక్కువ పోసి కొన్నవాళ్ళు. అమ్ముదామంటే ధర పడిపోయింది. నడుపుదామంటే మనసు ఒప్పదు. నవంబర్‌లో కంపెనీ 500 డాలర్ల కార్డు, షోరూంలో వాడుకోవడానికి ఇంకో 500 డాలర్ల కార్డు ఇస్తామంది. ఇది తీసుకుంటే రేపు కేసు వేసే హక్కు పోతుందా అని చాలామంది భయపడ్డారు. పోదని కంపెనీతో చెప్పించాల్సి వచ్చింది. అలా భయపడినవాళ్ళది తెలివైన భయం. ఉచితంగా ఏదిచ్చినా, సంతకం పెట్టే కాగితంలో ఏం రాసి ఉందో చదవాలి.

చివరికి 2016 జూన్‌లో ఒప్పందం కుదిరింది, అక్టోబర్‌లో జడ్జి చార్లెస్ బ్రేయర్ ఆమోదించారు. మొత్తం 1,470 కోట్ల డాలర్లు, అందులో ఓనర్ల కోసం 1,003 కోట్ల దాకా. సుమారు 4 లక్షల 75 వేల బండ్లు. సంగతి బయటపడక ముందు, అంటే 2015 సెప్టెంబర్ నాటికి బండికి ఉన్న ధర, దాని మీద కనీసం 5,100 డాలర్ల పరిహారం. బండి వెనక్కి ఇచ్చేయవచ్చు, లేదా రిపేరు ఆమోదం పొందాక చేయించుకుని ఉంచుకోవచ్చు. పని పూర్తిచేసుకున్నవాళ్ళలో నూటికి 86 మంది వెనక్కే ఇచ్చేశారు. ఆ బండ్లను మిషిగన్‌లో మూతపడ్డ ఒక స్టేడియం ఆవరణలోనూ, కాలిఫోర్నియా ఎడారిలోనూ వరసలు వరసలుగా నిలిపారు. ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. బండి తయారుచేయడం తెలిసినవాడికి అవి చూడటం కష్టం. కొందరు కోపంతో తలుపులు, సీట్లు ఊడదీసి, నడిచే స్థితిలో ఉంటే చాలు కదా అని అలాగే తెచ్చి అప్పగించారు. జడ్జి దాన్ని తప్పుబట్టారు. కోపం న్యాయమైనదే, కానీ అలా చేస్తే మన కేసే బలహీనపడుతుంది.

జర్మనీలో ఇంత సులువుగా అవలేదు. అక్కడ ప్రభుత్వం 24 లక్షల బండ్లకు రీకాల్ తప్పనిసరి చేసింది, చేయించకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. డబ్బు కోసం మాత్రం ఓనర్లు ఏళ్ళ తరబడి తిరిగారు. 2020 ఫిబ్రవరిలో వినియోగదారుల సంఘం ద్వారా ఒక్కొక్కరికీ 1,350 నుంచి 6,257 యూరోల రాజీ కుదిరింది. అదే ఏడాది మే 25న అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు, 31,490 యూరోలకు సెకండ్ హ్యాండ్ ఫోక్స్‌వ్యాగన్ షరాన్ కారు కొన్న ఒకాయనకు, ఆయన తిరిగిన కిలోమీటర్ల విలువ తీసేసి 25,600 యూరోలకు పైగా ఇవ్వాలని తీర్పు చెప్పింది. అయితే జూలైలో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: మోసం సంగతి ఊరంతా తెలిశాక కొన్నవాళ్ళకు ఇది వర్తించదని. మీ గ్రూపులో ఎవరైనా ఇప్పుడు చవగ్గా వస్తోందని ఇదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొనబోతుంటే ఈ ముక్క వాళ్ళకు చెప్పండి. అది జర్మనీ తీర్పే అయినా, తెలిసి కొన్నావు కదా అన్న ప్రశ్న ఏ కోర్టులోనైనా వస్తుంది.

ఇప్పుడు మన దేశం. మనకు రెండు అనుభవాలున్నాయి.

మొదటిది టవేరా. ఆంధ్రలో, తెలంగాణలో ఒకప్పుడు తిరుపతి యాత్రకు, పెళ్ళిళ్ళకు, ఎయిర్‌పోర్టుకు ఎక్కడ చూసినా ఆ బండే. 2013 జూలైలో జనరల్ మోటార్స్ 1 లక్షా 14 వేల టవేరాలను వెనక్కి పిలిచింది. అవి 2005 నుంచి 2013 దాకా చేసినవి. పరీక్షకు ముందే ఎంచి పెట్టుకున్న మంచి ఇంజన్లను తనిఖీకి వచ్చే బండ్లలో బిగించి పాస్ చేయించారని అప్పట్లో బయటికొచ్చింది. కంపెనీ తన ఉద్యోగులను కొంతమందిని తీసేసింది. ఎనిమిదేళ్ళు ఆ బండి మీద బతికిన డ్రైవర్లు ఎంతమందో. వాళ్ళలో ఒక్కరు కూడా పరిహారం ఊసు ఎత్తగా నేను వినలేదు. ఉచిత రిపేరు కోసం రెండు రోజులు బండి ఆపితే కిరాయి పోతుందని చాలామంది రీకాల్‌కు వెళ్ళనే లేదు. నాకు తెలిసిన డ్రైవర్లే అలా చెప్పారు.

రెండోది ఫోక్స్‌వ్యాగన్ బండ్లే. 2015 డిసెంబర్‌లో ఆ గ్రూపు మన దగ్గర 3,23,700 బండ్లకు రీకాల్ ప్రకటించింది: ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి మూడూ కలిపి. బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థవాళ్ళు కొన్ని మోడళ్ళను రోడ్డు మీద కొలిస్తే, అప్పటి మన కాలుష్య ప్రమాణం బీఎస్-4 పరిమితి కంటే 1.1 నుంచి 2.6 రెట్లు వచ్చింది. అమెరికాలో 40 రెట్లు, ఇక్కడ రెండున్నర రెట్లా అని ఆశ్చర్యపోకండి. గీత ఎక్కడ గీశారో చూడాలి. అమెరికా పరిమితి కిలోమీటరుకు సుమారు 0.043 గ్రాములు, మన బీఎస్-4 డీజిల్ కారుకు 0.25 గ్రాములు. దాదాపు ఆరు రెట్లు వదులు. మన దేశంలో తాము ఏ నిబంధనా మీరలేదని, రీకాల్ స్వచ్ఛందమని కంపెనీ వాదించింది. ఒక ఉపాధ్యాయురాలు, మరికొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. ట్రిబ్యునల్ వేసిన నిపుణుల కమిటీ, ఆ బండ్లు ఒక్క ఢిల్లీలోనే 2016లో 48 టన్నులకు పైగా నాక్స్ వదిలాయని లెక్కకట్టి, ఆరోగ్య నష్టానికి 171.34 కోట్లు సూచించింది. 2019 మార్చిలో ట్రిబ్యునల్ దాన్ని 500 కోట్లు చేసింది. మే నెలలో సుప్రీంకోర్టు బలవంతపు చర్యలు తీసుకోవద్దని ఆపింది. గమనించండి, ఆ 500 కోట్లు పర్యావరణం పేరు మీద వేసింది. ఓనర్ల జేబులోకి రావడానికి కాదు.

మరి అమెరికా ఓనర్లకు ఎందుకొచ్చింది? అక్కడి ప్రభుత్వ సంస్థ చేతిలో కొలిచిన ఆధారం ఉంది, కంపెనీ ఒప్పుకోలు ఉంది, అమ్మకాలు ఆపేసే అధికారం ఉంది. వీటి వెనకాల ఓనర్లు తమ బిల్లులు, ప్రకటనల కాపీలు పట్టుకుని నిలబడ్డారు. మన దగ్గర కోపానికి లోటు లేదు. లోటంతా ఆధారం దగ్గరే.

మీ 2021 బండి విషయంలో ఒక చిక్కు కూడా ఉంది, దాచడం ఇష్టం లేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది, నాక్స్ పరిమితి 0.08 గ్రాములకు దిగింది. కానీ రోడ్డు మీద కూడా పరిమితిలోనే ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి మాత్రమే. మధ్య మూడేళ్ళలో రోడ్డు కొలతలు సమాచారం కోసమే తీసుకున్నారు. కాబట్టి మీ బండి రోడ్డు మీద ఎక్కువ వదులుతోందని ఎవరైనా కొలిచి చూపించినా, అది మోసమని అంతటితో రుజువు కాదు. పరీక్షను గుర్తుపట్టి ప్రవర్తన మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఉందని తేలాలి. అది మీరూ నేనూ తేల్చేది కాదు, ల్యాబ్ తేల్చాలి.

'మా బండికి మొన్ననే పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది, బాగానే ఉందిగా' అని మీ గ్రూపులో తప్పకుండా ఎవరో అంటారు. పెట్రోలు బంకు పక్కన వ్యాన్‌లో చేసే ఆ పరీక్షను ఈసారి దగ్గరుండి చూడండి. బండి నిలబడి ఉండగా నాలుగైదుసార్లు యాక్సిలరేటర్ తొక్కిస్తారు, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ ఎంత నల్లగా ఉందో కొలుస్తారు. అంతే. డీజిల్ బండికి అక్కడ నాక్స్ కొలవనే కొలవరు. నాక్స్ కంటికి కనపడదు. తెల్లగా, శుభ్రంగా కనిపించే పొగలో కూడా పరిమితికి పదిరెట్లు ఉండవచ్చు. ఆ కాగితం చలానా తప్పించుకోవడానికి పనికొస్తుంది, మీ ప్రశ్నకు జవాబు అందులో లేదు.

ఇక అప్‌డేట్ భయం. ఈ భయం ఉత్తది కాదు, కానీ గ్రూపులో చెప్పేంత ఘోరమూ కాదు.

ఫోక్స్‌వ్యాగన్ యూరప్‌లో 1.2, 2.0 లీటర్ ఇంజన్లకు సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చింది. 1.6కి దాంతోపాటు గాలి కొలిచే సెన్సర్‌కు ముందు ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క బిగించింది. అరచేతిలో పట్టే గొట్టం, దానికి టీ వడపోసే జల్లెడ లాంటి జాలీ. లోపలికి వచ్చే గాలి సుడులు తిరగకుండా నిదానంగా సాగితే సెన్సర్ సరిగ్గా లెక్కపెడుతుందని. అంత చిన్న వస్తువు. అప్‌డేట్ తర్వాత ఈజీఆర్ వాల్వులు పాడయ్యాయని, బండి జర్కు కొడుతోందని అక్కడ చాలామంది ఫిర్యాదు చేశారు. పైన చెప్పాను కదా, ఈజీఆర్ ఎక్కువ పనిచేస్తే మసి ఎక్కువ. అప్పటికే లక్ష కిలోమీటర్లు తిరిగి మసి పట్టిన వాల్వు మీద కొత్త సాఫ్ట్‌వేర్ ఇంకా పని పెడితే అది మొరాయించడంలో వింత లేదు.

మా షెడ్డుకే ఒకాయన వచ్చారు, ఏలూరు నుంచి. పేరున్న కంపెనీ బండే, ఏదన్నది ఇక్కడ అవసరం లేదు. సర్వీసుకు ఇస్తే 'ఎమిషన్ అప్‌డేట్ ఉంది సార్, ఫ్రీ' అన్నారట. నెలన్నరలో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి గుంజడం మొదలుపెట్టింది, డీపీఎఫ్ లైటు వెలిగింది. ఈజీఆర్ విప్పితే లోపల తారు ముద్దలా మసి. చిన్న స్క్రూడ్రైవర్‌తో గీస్తే పెచ్చులుగా ఊడింది. శుభ్రం చేసి బిగించాం, బండి బాగుపడింది. ఆయన బిల్లు పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్తే, మా అప్‌డేట్‌కూ దీనికీ సంబంధం లేదన్నారు. జాబ్ కార్డు తీసి చూశాను. 'సాఫ్ట్‌వేర్ చెక్, నో చార్జ్' అని ఒక్క లైను. పాత వెర్షన్ ఏది, కొత్త వెర్షన్ ఏది, ఏమీ లేదు. అప్‌డేట్ జరిగిందని చూపడానికి ఆయన దగ్గర ఒక్క ముక్క కాగితం లేదు. పెద్దాయన, టీచరుగా రిటైరయ్యారు. కుర్చీలో కూర్చుని ఆ కార్డునే తిప్పి తిప్పి చూస్తుంటే నాకు నోట మాట రాలేదు.

అందుకే మీరు ఈ వారంలోనే చేయాల్సినవి చెప్తున్నాను. స్టీరింగ్ కింద, కుడి మోకాలి దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. బండి కంప్యూటర్‌ను చదివే మామూలు ఓబీడీ స్కానర్ పెట్టినా బండి సాఫ్ట్‌వేర్ గుర్తింపు నంబరు చూపిస్తుంది. క్యాలిబ్రేషన్ ఐడీ అని ఒకటి, దాని కింద సీవీఎన్ అని ఇంకొకటి. మొదటిది సాఫ్ట్‌వేర్ పేరు, రెండోది దాని వేలిముద్ర లాంటిది. సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు చేసినా సీవీఎన్ మారిపోతుంది. ఓడోమీటర్ కూడా కనపడేలా ఫోటో తీసుకోండి. అప్‌డేట్ తర్వాత మళ్ళీ తీయండి. ఏలూరు ఆయన దగ్గర ఈ రెండు ఫోటోలు ఉండి ఉంటే వాళ్ళు అలా మాట్లాడేవారు కాదు.

మైలేజ్ కూడా రాయండి. డ్యాష్‌బోర్డు చూపించే అంకెను నమ్మకండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ట్యాంకు నిండా కొట్టించి, మళ్ళీ నిండా కొట్టించేదాకా ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు. మూడు ట్యాంకులు ముందు, మూడు ట్యాంకులు తర్వాత. బండి కొన్నప్పటి ఇన్‌వాయిస్, బ్రోచర్, మైలేజ్ గురించీ కాలుష్యం గురించీ రాసిన ప్రకటనలు ఒక ఫైల్‌లో పెట్టండి. అమెరికా ప్రభుత్వం 2016లో ఆ 'క్లీన్ డీజిల్' ప్రకటనల మీదే విడిగా కేసు వేసింది, కాబట్టి బ్రోచర్‌ను తక్కువగా చూడకండి.

కంపెనీకి ఈమెయిల్ రాయండి, ఫోన్ వద్దు. మూడే ప్రశ్నలు: నా చాసిస్ నంబరు ఈ వ్యవహారంలో ఉందా? అప్‌డేట్ ఉంటే దాన్ని ఏ పరీక్ష సంస్థ ఆమోదించింది? దాని తర్వాత ఈజీఆర్, డీపీఎఫ్, ఇంజెక్టర్లు పాడైతే ఎన్నేళ్ళు ఉచితంగా చూస్తారు? జవాబు రాకపోయినా పర్వాలేదు, మీరు అడిగిన తేదీ రికార్డులో ఉంటుంది. జాబ్ కార్డులో పాత వెర్షన్, కొత్త వెర్షన్ రాయించేదాకా సర్వీస్ సెంటర్‌లో కదలకండి. అంతా అయ్యాక ఇక కంపెనీ మీద నాకు ఏ క్లెయిమూ లేదు అన్న అర్థం వచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

చట్టం విషయంలో నేను లాయర్ని కాను, కానీ నాకు తెలిసినంత చెప్తాను. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఏ సెక్షన్ మనకు కొత్త ఆయుధం. పర్యావరణానికి హాని చేసే లోపం ఉన్నా ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించవచ్చు. కంపెనీ బండి పూర్తి ధర ఇవ్వడమో, మార్చి ఇవ్వడమో, బాగుచేయడమో చేయాలని అందులో ఉంది. 2021 ఏప్రిల్ నుంచి దీని నియమాలు అమల్లో ఉన్నాయి, ఏడేళ్ళ లోపు బండ్లకు. మీది 2021 మోడల్, అంటే గడియారం నడుస్తోంది. ఈ నియమాల కింద ఫిర్యాదులు ఇన్ని వస్తేనే కదలిక అన్న లెక్క ఉంది. కాబట్టి మీ గ్రూపులో రెండొందల మంది రోజూ తిట్టుకునే బదులు రెండొందల ఫిర్యాదులు ప్రభుత్వ పోర్టల్‌లో పెడితే దానికి బరువుంటుంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలంటే కారణం పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ గడువు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే మొదటి దారి వాళ్ళే చెప్తారు. ఒక్కొక్కరూ విడిగా వెళ్ళేకంటే పదిమంది కలిసి, ఒకే లాయర్‌తో, ఒకే రకం కాగితాలతో వెళ్ళడం మేలు.

ఇప్పుడు మైలేజ్ బాగుంది, మనకెందుకు అన్నవాళ్ళ గురించి. వాళ్ళ మీద నాకు కోపం లేదు, డీజిల్ ధర చూస్తే ఆ మాట ఎందుకు వస్తుందో తెలుసు. కానీ నాక్స్ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు కాబట్టి ఊరుకోలేను. ఎండ తగిలితే అది ఓజోన్‌గా మారుతుంది, సన్నటి ధూళిగా మారుతుంది. మే నెల విజయవాడ ఎండలో బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగిన బండ్లన్నీ వదిలేది ఎక్కడ పేరుకుంటుంది? పక్కనే స్కూటీ మీద ముఖానికి చున్నీ కట్టుకుని నిలబడ్డ అమ్మాయి పీలుస్తుంది. ఆటోలో స్కూలుకెళ్ళే పిల్లలు పీలుస్తారు. ఆ అమెరికా బండ్ల వల్ల అక్కడ సుమారు 59 మంది ఆయుష్షు తీరకముందే పోయి ఉంటారని 2015లో ఎంఐటీ, హార్వర్డ్ పరిశోధకులు అంచనా వేశారు. అక్కడ డీజిల్ కార్లు చాలా తక్కువ. మన రోడ్ల మీద ఎన్ని ఉన్నాయో మీరే చూస్తున్నారు.

దీంతోపాటే ఇంకో మాట. కంపెనీ మోసం చేసిందని మండిపడుతున్నవాళ్ళలోనే కొందరు మా ఆటోనగర్‌కు వచ్చి ఈజీఆర్‌కు ప్లేటు వేసి మూసేయమని అడుగుతారు, రీమ్యాప్ చేసి, అంటే ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చి, డీపీఎఫ్ తీసేయమంటారు. నేను చేయను. పక్క షెడ్డులో చేస్తారని తెలిసినా చేయను. రేపు మీరు కమిషన్ ముందు నిలబడితే కంపెనీ లాయర్ మొదట అడిగేది అదే: ఈ బండిలో మీరు ఏమైనా మార్చారా అని. ఒక్క ప్లేటు దొరికితే మీ ఫైల్ అంతా చిత్తుకాగితం. అప్‌డేట్ తర్వాత ఈజీఆర్ ఇబ్బంది పెడితే శుభ్రం చేయించండి, వారంటీ కింద మార్పించండి, మూయించకండి.

అమ్మాలా అని అడిగారు. అనుమానాల వేడిలో అమ్మితే ధరలో దెబ్బతింటారు, రేపు ఏదైనా పరిహారం వస్తే అది మీకు రాకుండా కొన్నవాడికి పోవచ్చు. అదీ కాక, అతనికి ఈ సంగతి చెప్పకుండా అమ్మితే అతని ముందు మీరు నిలబడే తీరు ఏమిటో మీకే తెలుసు. బండి భద్రతకు దీనితో సంబంధం లేదు. బ్రేకులు, టైర్లు, ఎయిర్‌బ్యాగ్‌లు అన్నీ అలాగే పనిచేస్తాయి. పిల్లల్ని ఎక్కించుకోవడానికి భయపడాల్సింది ఏమీ లేదు.

కంపెనీ మోసం చేసిందో లేదో ఇంకా తేలలేదు. తేలకపోతే మీకు పోయేది రెండు ఫోటోలు, ఒక ఈమెయిల్, ఆరు ట్యాంకుల లెక్క. తేలితే అవే మీ దగ్గర మిగిలేవి. స్కానర్ లేకపోతే ఆదివారం తప్ప ఏ రోజైనా షెడ్డుకు రండి, నంబర్లు చదివి పెడతాను, డబ్బు అక్కర్లేదు. రాలేకపోతే గుంటూరులోనే ఏ మెకానిక్‌తోనైనా చదివించి, చాసిస్ నంబరు కనపడకుండా చూసుకుని, క్యాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్ ఫోటోను ఇక్కడ పెట్టండి. మీ గ్రూపులో అదే మోడల్ ఉన్న నలుగురైదుగుర్ని కూడా పెట్టమనండి. అందరివీ ఒకటేనా, లేక కొందరి బండ్లలో సర్వీసు టైములో చెప్పకుండానే ఇప్పటికే ఏదైనా మార్చారా అన్నది ముందు చూద్దాం.